దెబ్బతిన్న మెదడుకు రెండు భాషలు బరువా?

పక్షవాతం వచ్చిన పసివాడికి మాట ఆలస్యమైతే ఆ ఇంటికి అందరికంటే ముందు అందే సలహా ఒకటుంది: "ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి. రెండు మూడు భాషలు వింటే పిల్లాడు గందరగోళపడతాడు." స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల తండాల్లో ఈ మాటకు అర్థం లంబాడీ మానేసి తెలుగులో మాట్లాడమని. ఊళ్లోనైతే తెలుగు తగ్గించి ఇంగ్లిష్ పెంచమని. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఉర్దూ వదలమని, భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయ వదలమని. ఎక్కడ చెప్పినా వదులుకోవాల్సింది మాత్రం తల్లి నోటి భాషే.

ఈ సలహా ఇచ్చేవాళ్లందరూ పిల్లాడి మేలు కోరేవాళ్లే. ఊరి ఆర్‌ఎంపీ, బడిలో టీచరు, పట్నంలో ఉండే బాబాయి, అప్పుడప్పుడు పెద్ద డాక్టరు కూడా. దెబ్బతిన్న మెదడు మీద బరువు తగ్గిద్దామన్న ఆలోచన సహజంగానే తోస్తుంది. అయితే ఈ ఆలోచనకు వైద్యశాస్త్రంలోనూ భాషాశాస్త్రంలోనూ ఆధారం ఉందా? నూటయాభై ఏళ్లుగా పోగుపడిన పరిశోధనను, అందులో మన హైదరాబాద్‌లో జరిగినదాన్ని, మన మూడు జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పరిస్థితితో కలిపి చూస్తే నాకు తేలిన సంగతి ముందే చెబుతాను. ఆధారం లేదు. పైగా ఆ సలహా వల్ల పిల్లాడికి అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేదే దూరమవుతోంది.

ముందు జబ్బు సంగతి. పిల్లలకు పక్షవాతమేమిటని ఆశ్చర్యపోయేవాళ్లే మనలో ఎక్కువ. మెదడుకు రక్తం అందకపోవడం, లేదా మెదడులో రక్తనాళం చిట్లడం ఏ వయసులోనైనా జరగొచ్చు. పుట్టుకకు కాస్త ముందూ వెనకా అది జరిగే అవకాశం మరీ ఎక్కువ. దాదాపు 4 వేల జననాలకు ఒకరన్నది పాత లెక్క. స్కానింగులు విరివిగా జరిగే కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ఈమధ్య తేలిన లెక్క సుమారు 1,100 జననాలకు ఒకరు. నెల దాటిన పిల్లల్లో ఏటా లక్షకు రెండు నుంచి పదమూడు మంది దాకా ఉంటారని వేర్వేరు దేశాల లెక్కలు చెబుతాయి. పెద్దల పక్షవాతంతో పోలిస్తే ఇది అరుదే. అయినా ఆ పిల్లాడి ముందు ఇంకా అరవై, డెబ్బై ఏళ్ల బతుకు ఉంటుంది.

పుట్టినప్పటి పక్షవాతం చాలామందిలో వెంటనే బయటపడదు. కొందరికి మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, మందులతో తగ్గుతాయి, తల్లీబిడ్డా ఇంటికి వెళ్లిపోతారు. నాలుగైదు నెలలకు బిడ్డ ఒక చేయి పిడికిలి బిగించే ఉంచుతుంది, గిలక్కాయను ఎప్పుడూ రెండో చేత్తోనే అందుకుంటుంది. కుడిచేయి కదపకుండా ఎడమచేత్తోనే అన్నీ లాక్కుంటుంటే "వీడిది పుర్రచేతి వాటం" అని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. ఏడాది లోపు పిల్లలకు చేతివాటం స్థిరపడదు. ఆ వయసులో ఒకే చేయి వాడుతోందంటే రెండో చేతిలో బలం లేదేమోనని అనుమానించాలి. కుడిచేయి బలహీనంగా ఉందంటే దెబ్బ మెదడు ఎడమ సగంలో తగిలి ఉండొచ్చు. పెద్దవాళ్లలో భాషకు కేంద్రం సాధారణంగా ఆ ఎడమ సగమే. ఇంట్లోవాళ్లు నవ్వుకున్న ఆ చేతివాటమే పిల్లాడి మాట మీద కన్నేసి ఉంచమన్న మొదటి హెచ్చరిక.

కాస్త పెద్ద పిల్లల్లో కారణాలు వేరు. గుండె జబ్బు, క్షయ మెదడు పొరలకు సోకడం, అమ్మవారు పోసిన కొన్ని నెలలకు మెదడు రక్తనాళాలు వాచడం, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి రక్తం గడ్డకట్టడం, బాగా ముదిరిన రక్తహీనత. మన దేశంలో ఎక్కువగా గమనించిన మరో రకం కూడా ఉంది. ఏడాది, ఏడాదిన్నర పసివాడు మంచం మీంచో, చంకలోంచో జారి పడతాడు. పెద్ద దెబ్బేమీ తగలదు. కానీ కొద్దిసేపటికో, మర్నాటికో ఒక చెయ్యీ కాలూ పడిపోతాయి. మెదడు లోపలి సన్నని రక్తనాళాల్లో ముందే కాల్షియం పేరుకుని ఉండటం దీనికి మూలమని తేలింది. హైదరాబాద్ రెయిన్‌బో పిల్లల ఆసుపత్రి వైద్యులు ఇలాంటి పసివాళ్ల వివరాలను 2014లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. ఇలాంటి పిల్లల్లో చాలామంది బాగా కోలుకుంటారు. అయినా "పడ్డాడు, గాలి తాకింది" అని తాయెత్తు కట్టించి రోజులు గడిపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

గిరిజన ప్రాంతాలున్న మనకు సికిల్ సెల్ రక్తహీనత గురించి విడిగా చెప్పుకోవాలి. అమెరికాలో ఈ జబ్బున్న పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, నివారణ చికిత్స లేని రోజుల్లో ఇరవై ఏళ్లు నిండేలోపు దాదాపు 11 శాతం మందికి పక్షవాతం వచ్చినట్లు తేలింది. మెదడు రక్తనాళాల్లో రక్తవేగాన్ని నొప్పి లేని అల్ట్రాసౌండ్ పరీక్షతో కొలిచి, ప్రమాదంలో ఉన్న పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే పక్షవాతం 90 శాతానికి పైగా తగ్గుతుందని 1998లో రుజువైంది. భారతీయ గిరిజనుల్లో ఈ జబ్బు సాధారణంగా కాస్త నెమ్మదిగా ఉంటుంది, కానీ పక్షవాతం ప్రమాదం పూర్తిగా పోదు. 2047 నాటికి ఈ జబ్బును తుడిచిపెట్టాలన్న జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది, తెలంగాణా అందులో ఉంది. రక్తపరీక్షతో జబ్బు బయటపడిన బిడ్డకు ఆ అల్ట్రాసౌండ్ కూడా అందినప్పుడే ఈ కార్యక్రమం వల్ల ఒక పిల్లాడి మాట నిలిచిందని చెప్పగలం.

పెద్ద పిల్లాడికి ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒకవైపే ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. "పిల్లలకు పక్షవాతం రాదు" అన్న నమ్మకం వల్ల అన్ని సదుపాయాలున్న దేశాల్లోనూ జబ్బు గుర్తించేసరికి తరచూ 24 గంటలు దాటిపోతోంది.

ఇక భాష సంగతి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా మాట పడిపోయిన ఒక రోగి మెదడు ఎడమ ముందు భాగంలో దెబ్బను చూపించాడు. మాటకు మెదడులో ఒక చోటు ఉందన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. 1868లో జూల్ కొటార్ అనే వైద్యుడు ఇందుకు ఎదురుగా నిలిచే సంగతి రాశాడు. పసితనంలోనే ఎడమ సగం దెబ్బతిన్నవాళ్లు పెద్దయ్యాక మాట్లాడుతూనే ఉన్నారు. ఎడమ సగం పోయినా మాట ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న వందేళ్లకు పైగా సాగింది. 1967లో ఎరిక్ లెన్నెబర్గ్, రెండేళ్ల లోపు మెదడు రెండు సగాలూ భాషకు సమానంగా సిద్ధంగా ఉంటాయనీ, యవ్వనం వచ్చేదాకా ఆ వెసులుబాటు క్రమంగా తగ్గిపోతుందనీ వాదించాడు. అంతకుముందు 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ కోతుల మీద చేసిన ప్రయోగాల నుంచి "దెబ్బ ఎంత చిన్నతనంలో తగిలితే అంత బాగా కోలుకుంటారు" అన్న సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ఇప్పటికీ చాలామంది వైద్యులు తల్లిదండ్రులకు ధైర్యం చెప్పేటప్పుడు ఈ మాటే వాడతారు.

అందులో సగమే నిజం. ఎలిజబెత్ బేట్స్, ఆమె సహచరులు శాండియాగోలో పుట్టినప్పుడే మెదడు దెబ్బతిన్న పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఎడమ వైపు దెబ్బతిన్నా కుడి వైపు దెబ్బతిన్నా మొదటి మాటలు ఆలస్యంగానే వచ్చాయి. మాటలను అర్థం చేసుకోవడం మొదట్లో కుడి వైపు దెబ్బతిన్న పిల్లల్లోనే ఎక్కువ వెనకబడటం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఐదారేళ్లు వచ్చేసరికి చాలామంది తోటి పిల్లల దాకా, లేదా కాస్త కింద దాకా అందుకున్నారు. 2022లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిస్సా న్యూపోర్ట్ బృందం, పుట్టుకనాడే ఎడమ సగంలో పెద్ద పక్షవాతం వచ్చి ఇప్పుడు పెద్దవాళ్లవుతున్న 15 మందిని స్కాన్ చేసింది. వాళ్లు వాక్యాలను అర్థం చేసుకునేటప్పుడు పనిచేసింది కుడి సగం. అదీ ఎక్కడబడితే అక్కడ కాకుండా, ఎడమవైపు భాషకు నెలవైన చోట్లకు అద్దంలో ప్రతిబింబంలా ఎదురుగా ఉన్న చోట్లలోనే. కొటార్ అడిగిన ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు నాకు తెలిసి లేదు.

అయితే రెండో సగం కూడా చెప్పాలి. టొరంటో పిల్లల ఆసుపత్రిలో రాబిన్ వెస్ట్‌మాకాట్ బృందం పరిశీలిస్తే, పుట్టుకనాటి పక్షవాతం వచ్చిన పిల్లలు తెలివితేటల పరీక్షల్లో తర్వాతి వయసులో పక్షవాతం వచ్చినవాళ్ల కంటే వెనకబడ్డారు. అంటే చిన్నతనం ఒక్కటే రక్షణ కాదు. మూర్ఛ ఆగకుండా వస్తే చదువుకూ మాటకూ నష్టం ఎక్కువని పలు అధ్యయనాలు ఒకే మాటగా చెబుతున్నాయి. షికాగోలో సుసాన్ లెవిన్, సుసాన్ గోల్డిన్-మెడో బృందం గమనించింది మరొకటి. మామూలు మాటల్లో తోటివాళ్లను అందుకున్న పిల్లలు కూడా కథ చెప్పమంటే తడబడ్డారు. వాళ్ల కథలు పొట్టిగా ఉన్నాయి, ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందన్న లంకె వదులుగా ఉంది.

ఈ సంగతి మన బడులకు చాలా ముఖ్యం. రెండేళ్లకు మాట ఆలస్యమైన పిల్లాడు నాలుగేళ్లకు గలగలా మాట్లాడుతుంటే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది, ఆసుపత్రి చీటీలు పెట్టెలో పడిపోతాయి. తర్వాత మూడో తరగతిలోనో నాలుగులోనో పాఠం చదివి సొంత మాటల్లో చెప్పాల్సి వస్తుంది, లెక్కను కథలా ఇస్తారు. అక్కడ పిల్లాడు ఆగిపోతాడు. అప్పటికి పక్షవాతం సంగతి టీచరుకు తెలియదు, చాలాసార్లు ఇంట్లోవాళ్లే మరిచిపోయి ఉంటారు. "తండా పిల్లలు కదా, తెలుగు రాదు" అనో, "ఇంగ్లిష్ మీడియం కదా, కష్టమే" అనో నేరం భాషల మీద పడుతుంది.

భాషలు నిజంగా నేరం చేశాయా? దీనికి సంబంధించి ప్రపంచం ఎక్కువగా ఉదహరించే పరిశోధనల్లో రెండు మన హైదరాబాద్‌లోనే, నిమ్స్ ఆసుపత్రిలో జరిగాయి. సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్, మరికొందరు కలిసి చేసినవి. 2013లో వచ్చిన మొదటిదాంట్లో మతిమరుపు జబ్బున్న 648 మంది వివరాలు చూశారు. రెండు భాషలు లేదా అంతకంటే ఎక్కువ మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. 2016లో ప్రచురితమైన రెండోది పక్షవాతం గురించి. 608 మంది రోగుల్లో, పక్షవాతం తర్వాత ఆలోచన, జ్ఞాపకం, ఏకాగ్రత మామూలుగానే మిగిలినవాళ్లు ద్విభాషుల్లో 40 శాతం, ఒకే భాష తెలిసినవాళ్లలో దాదాపు 20 శాతం. కానీ మాట పడిపోవడం మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా, పదకొండు శాతం అటూ ఇటూగా ఉంది.

పాశ్చాత్య దేశాల్లో జరిగిన చాలా అధ్యయనాల్లో రెండు భాషలు మాట్లాడేవాళ్లు వలసవచ్చినవాళ్లే. అందువల్ల అక్కడ భాష ప్రభావాన్నీ వలస ప్రభావాన్నీ విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో కూరగాయలమ్మే ఆమె తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడుతుంది, ఎక్కడి నుంచీ వలస రాలేదు, డిగ్రీలూ లేవు. ఈ నేల మీద జరిగినందుకే ఆ అధ్యయనాలకు బరువు ఎక్కువ. అయినా వాటిని ఎక్కడిదాకా లాగొచ్చో జాగ్రత్తగా చూడాలి. అవి పెద్దల మీద చేసినవి. ఏళ్ల తరబడి ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారుతూ వచ్చిన మెదడుకు దెబ్బను తట్టుకునే నిల్వ కొంత చేరిందని చెబుతాయి. పసివాడికి ఆ నిల్వ ఇంకా పోగవలేదు. "రెండు భాషలు నేర్పిస్తే పక్షవాతం నుంచి కోలుకుంటాడు" అని ఎవరైనా ప్రచారం చేస్తే అది ఆ పరిశోధన చెప్పిన మాట కాదు. కానీ రెండు భాషలు మెదడుకు భారమైతే, దెబ్బ తగిలినప్పుడు ద్విభాషులే ఎక్కువ కుంగాలి. 608 మందిలో అలా జరగలేదు.

పిల్లల పక్షవాతాన్నీ ద్విభాషనూ కలిపి నేరుగా చూసిన పరిశోధన ప్రపంచంలోనే తక్కువ. అందువల్ల దగ్గరి దారుల్లో వెతకాలి. మొదటి దారి, పుట్టుకతోనే భాష నేర్చుకోవడం కష్టమైన పిల్లలు. కెనడాలో జొహాన్ పారడీ, ఫ్రెడ్ జెనెసీ బృందం 2003లో ఫ్రెంచి, ఇంగ్లిష్ రెండూ నేర్చుకుంటున్న ఇలాంటి పిల్లలను ఒకే భాష నేర్చుకునే ఇలాంటి పిల్లలతో పోల్చింది. రెండు భాషలవాళ్లు ఏ భాషలోనూ ఎక్కువ తప్పులు చేయలేదు. 2005లో ఎలిజబెత్ కే-రేనింగ్ బర్డ్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ దాదాపు ఇదే చూసింది. రెండో భాష వల్ల మొదటి భాష దెబ్బతినలేదు. ఆటిజం ఉన్న పిల్లల మీద తర్వాత వచ్చిన పరిశోధనలూ ఇదే వైపు మొగ్గాయి. ఇవన్నీ తక్కువమంది పిల్లలతో చేసినవి. అయినా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు జబ్బుల్లో, వేర్వేరు భాషా జంటల్లో ఒకే జవాబు వస్తుంటే దాన్ని తోసిపుచ్చలేం.

రెండో దారి, పక్షవాతంతో మాట పోయిన ద్విభాషా పెద్దలు. ఏ భాష ముందు తిరిగొస్తుందన్న దానిపై 19వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్సులో వాదాలు నడిచాయి. మొదట నేర్చుకున్నదని రిబో అన్నాడు, ఎక్కువ వాడుకలో ఉన్నదని పిత్ర్ అన్నాడు. తర్వాతి రోగుల్ని చూస్తే చాలామందిలో రెండూ కలిసే కోలుకుంటున్నాయి. పరిశోధకురాలు స్వాతి కిరణ్ బృందం కొద్దిమంది రోగులతో చేసిన ప్రయోగంలో, బలహీనంగా ఉన్న భాషలో పదాలకు శిక్షణ ఇస్తే బలంగా ఉన్న భాషలోనూ కొంత మెరుగు కనిపించింది. అంటే రెండు భాషలూ మెదడులో ఒకదానికొకటి ఆసరా అవుతాయి.

మూడో దారి అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. షికాగో బృందమే 2009లో మరో విషయం ప్రచురించింది. పుట్టుకనాడే మెదడు దెబ్బతిన్న పిల్లలతో ఇంట్లో తల్లిదండ్రులు ఎంత మాట్లాడుతున్నారు, ఎలాంటి వాక్యాలు వాడుతున్నారు అన్నది నెలల తరబడి రికార్డు చేసి చూశారు. ఇంట్లో మాట ఎంత సమృద్ధిగా ఉంటే పిల్లాడి భాష అంత పెరిగింది. మామూలు పిల్లలకూ ఇది వర్తిస్తుంది. అయితే వాక్యాలు కూర్చే నేర్పు విషయంలో దెబ్బతిన్న మెదడున్న పిల్లలకు ఇంటి మాట ఇంకా ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇప్పుడు ఆ ఒక్క భాష సలహాను దీని పక్కన పెట్టి చూడండి. తండాలో యాడికి, అంటే అమ్మకు, లంబాడీలో కథలు వస్తాయి, పాటలు వస్తాయి, అలిగితే బుజ్జగించడం, అల్లరి చేస్తే బెదిరించడం, పొలం దగ్గర జరిగిందంతా పూసగుచ్చినట్లు చెప్పడం వస్తుంది. తెలుగులో ఆమెకు సంతలో బేరమాడటం, బస్సు కండక్టరుతో మాట్లాడటం వచ్చు. "ఇక నుంచి తెలుగే మాట్లాడు" అంటే బిడ్డతో ఆమె మాట "దా", "తిను", "పడుకో" అన్న నాలుగు ముక్కల దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లిష్ మాట్లాడమన్న సలహా విన్న తెలుగు తల్లి "కమ్ నాన్నా, ఈట్ నాన్నా" దగ్గర ఆగిపోతుంది. పిల్లాడి మెదడు కొత్త దారులు వేసుకోవడానికి పుష్కలంగా, పొడుగ్గా, రంగురంగుల మాట కావాల్సిన రోజుల్లో ఆ ఇల్లు దాదాపు మూగబోతుంది. ఆ నష్టాన్ని వారానికో గంట స్పీచ్ థెరపీ పూడ్చలేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలోనూ మాట ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులు ఇదే సలహా విని తెలుగు మానేస్తుంటారు. వాళ్లకు ఇంగ్లిష్ ధారాళంగా వచ్చు కాబట్టి పిల్లాడి మాటకు నష్టం కాస్త తక్కువ. నానమ్మతో ఫోనులో మాట్లాడే దారి మాత్రం అక్కడా మూసుకుపోతుంది.

మన మూడు జిల్లాల్లో సమస్య ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వాళ్లలో లంబాడాలే ఎక్కువ. లంబాడీ హిందీ, రాజస్థానీల కుటుంబానికి చెందిన భాష, సొంత లిపి లేదు. కోయ మాత్రం తెలుగులాగే ద్రావిడ భాష, గోండికి దగ్గర. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్. అంటే తండా పిల్లాడు ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మోస్తాడు. వీళ్లలో ఒకరికి పుట్టుకనాటి పక్షవాతం కూడా ఉంటే, తరగతిలో కనిపించే తప్పు దేని వల్ల వచ్చింది?

ఒక ఉదాహరణ చెబుతాను. లంబాడీలో ప్రాణం లేని వస్తువులకూ ఆడ, మగ లింగాలుంటాయి, తెలుగులో వాటన్నిటికీ "అది" చాలు. తెలుగు నేర్చుకుంటున్న తండా పిల్లాడు లింగాన్నీ క్రియనూ తప్పుగా జత చేస్తే అది నేర్చుకునే దారిలో వచ్చే మామూలు తప్పు. అదే పిల్లాడు లంబాడీలోనూ వాక్యం పూర్తి చేయలేక పోతుంటే, లంబాడీలోనూ కథలో ఏది ఎందుకు జరిగిందో చెప్పలేక పోతుంటే, అప్పుడు అనుమానించాలి. నిజమైన భాషా లోపం పిల్లాడికి తెలిసిన భాషలన్నిటిలోనూ కనిపిస్తుంది. రెండో భాష ఇంకా రాకపోవడం రెండో భాషలోనే కనిపిస్తుంది. ఈ ఒక్క నియమం తెలిస్తే, పక్షవాతం లేని పిల్లాడికి జబ్బు అంటగట్టడమూ తప్పుతుంది, పక్షవాతం ఉన్న పిల్లాడిని "తెలుగు రాదంతే" అని వదిలేయడమూ తప్పుతుంది.

ఇందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నాలుగు బొమ్మల కాగితం ఒకటి చాలు. మేక మేస్తుంది, బావి దగ్గరికి వెళ్తుంది, జారి పడుతుంది, పిల్లలు తాడేసి లాగుతారు. పిల్లాడిని అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చోబెట్టి, ఇంటి భాషలో కథ చెప్పమని అడిగి, ఫోనులో రికార్డు చేసుకోవాలి. మర్నాడు అదే బొమ్మలతో తెలుగులో అడగాలి. థెరపిస్టుకు లంబాడీ రాకపోతే ఆ రికార్డింగును ఇంటివాళ్లతో కలిసి వింటూ ప్రశ్నలు వేయాలి. ఇదే తండాలో ఇదే వయసు పిల్లలు ఇలాగే చెబుతారా? వీడి అన్న ఈ వయసులో ఎలా చెప్పేవాడు? మాటలు కలగలిపి మాట్లాడితే కంగారు పడక్కర్లేదు. "అన్నా, మేక పడ్గయా, రోప్ తేవాలె" అన్న పిల్లాడు మూడు భాషల్లోంచి తనకు దొరికిన మాటలు వాడుకున్నాడు. మన ప్రాంతంలో పెద్దలు కూడా అలాగే మాట్లాడతారు. ఆ కలయికను దిద్దడం కంటే కథ ముందుకు సాగిందా, మేక ఎందుకు పడిందో చెప్పాడా అన్నదే చూడాలి.

బొమ్మలూ కథలూ కూడా కొత్తగా తయారు చేయనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కోయ, బంజారా (లంబాడీ) సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో చిన్న తరగతుల పుస్తకాలు తయారయ్యాయి. ఆ కార్యక్రమం తర్వాత నీరసించింది. మాట తడబడే పిల్లాడికి ఇంటి భాషలో కథ చెప్పించడానికి ఇప్పటికీ అంతకంటే పనికొచ్చే సరంజామా లేదు.

ఈ పని ఎవరు చేయాలి? కాగితం మీద చూస్తే వ్యవస్థ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూడాలి. మాట ఆలస్యం, నడక ఆలస్యం, మెదడు-కండరాల బలహీనత వాళ్లు వెతకాల్సిన ముప్పై సమస్యల జాబితాలోనే ఉన్నాయి. అనుమానం వస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లలకు అక్కడ చదువు, ఫిజియోథెరపీ అందుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాటా భాషా వైకల్యం ఒకటి. పెద్ద చికిత్సకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, ఆ పైన హైదరాబాద్. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మూడు జిల్లాలూ ఏర్పడిన 2016 నాటికి ఇక్కడ లేని అవకాశం ఇది. పిల్లల వైద్య విభాగం ఉన్న చోట స్పీచ్ థెరపిస్టు కూడా ఉంటే తండా నుంచి హైదరాబాద్ బస్సెక్కాల్సిన రోజులు సగం తగ్గుతాయి.

ఈ వ్యవస్థలో ఇంటి భాష ఏమిటన్న ప్రశ్నకు చోటు లేదు. పిల్లాడి ఓపీ చీటీలో బరువు రాస్తారు, ఎత్తు రాస్తారు, టీకాలు రాస్తారు. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఎవరు ఏ భాషలో ఎక్కువగా మాట్లాడతారు అని రాయడానికి ఒక్క గడి చాలు. బాల స్వాస్థ్య కార్యక్రమం కార్డులో, భవిత కేంద్రం రిజిస్టరులో, వైద్య కళాశాల కేసు షీటులో ఆ గడి పెట్టడానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు. ఈ మూడు జిల్లాల్లో ఎందరు పిల్లలు పక్షవాతం నుంచి ఏ భాషలో ఎలా కోలుకుంటున్నారో పదేళ్ల తర్వాత మనకు తెలియాలంటే ఆ గడి ఇప్పుడే నింపడం మొదలుపెట్టాలి. పెద్దల విషయంలో నిమ్స్ రిజిస్టరు ప్రపంచానికి పాఠం చెప్పింది. పిల్లల విషయంలో ఆ పాఠం చెప్పగల చోటు ఇన్ని భాషలు కలిసి బతికే ఈ ప్రాంతమే.

లంబాడీ, కోయ, ఉర్దూ వచ్చిన ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఈ ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకు రెండు రోజులు శిక్షణ ఇచ్చి కథ చెప్పించడం, రికార్డు చేయడం నేర్పితే థెరపిస్టు పని సగం తేలికవుతుంది. ఇదేమంత పెద్ద కోరిక కాదు. జిల్లా కలెక్టర్లూ, జిల్లా వైద్యాధికారులూ తలచుకుంటే జరిగేదే.

ఇక తల్లిదండ్రులకు నా మనవి. మీ బిడ్డకు పక్షవాతం వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఫిట్స్ మందు ఒక్క పూట కూడా తప్పించకండి. బలహీనమైన చేతికి పని చెప్పండి. నాలుగేళ్లకు మాట బాగైందని ఆసుపత్రి చీటీలు పారేయకండి, బడిలో చేర్చేటప్పుడు టీచరుకు చూపించండి. మూడో తరగతిలో మళ్లీ ఒకసారి భాషా పరీక్ష చేయించండి. ఎవరైనా "ఇంట్లో ఆ భాష మానేయండి" అంటే ఆ సలహాకు ఆధారమేమిటని మర్యాదగా అడగండి. యాడి భాషలో, అమ్మ భాషలో, అమ్మీ భాషలో మీకు వచ్చినంత మాట్లాడండి, కథ చెప్పండి, పిల్లాడి చేత చెప్పించుకోండి. తెలుగూ ఇంగ్లిషూ బడి నేర్పుతుంది, కానీ మీ భాషలో మీరు మాట్లాడాల్సిన మాట మీ తరఫున ఇంకెవరూ మాట్లాడలేరు.